గ్రూపులో ఎవరూ పలకకపోతే ఏమనుకోవాలి? అభిప్రాయం తెలుసుకునే ఐదు పద్ధతుల పోలిక

"శనివారం మీటింగ్‌ని ఆదివారానికి మారుద్దాం అనుకుంటున్నాం. ఎవరికైనా అభ్యంతరమా?"

ఇది నేను పెట్టిన మెసేజే. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి ఆడియో రికార్డు చేసే ఆన్‌లైన్ గ్రూపు మాది, 64 మందిమి. రెండు రోజుల్లో పదకొండు బొటనవేళ్లు, ఒక దండం బొమ్మ, ఒక "సూపర్" వచ్చాయి. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. మార్చేశాం. శనివారాల్లో ఎప్పుడూ ఇరవై మందికి తగ్గని కాల్‌లోకి మొదటి ఆదివారం ఏడుగురు వచ్చారు.

ఆ సాయంత్రం ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి అడిగాను. ఒకామె నా మెసేజే చూడలేదు. అదే రోజు ఏదో ఫైలు తెరుచుకోవడం లేదని నడిచిన తొంభై మెసేజ్‌ల గోలలో అది కొట్టుకుపోయింది. ఒకతను చూశాడు గానీ, "'అనుకుంటున్నాం' అన్నారు కదా, మీలో మీరు తేల్చేసుకున్నారనుకున్నా" అన్నాడు. కొత్తగా చేరిన కుర్రాడు "సీనియర్లందరూ లైక్ కొట్టాక నేనేం అంటానండీ" అన్నాడు. నలుగురైదుగురు ఎవరో ఒకరు చెప్తారులే అనుకున్నారు. ఆ 'ఎవరో ఒకరు' కూడా సరిగ్గా అదే అనుకున్నారు. నిజంగా సరే అనుకుని ఊరుకున్నామని చెప్పినవాళ్లు ఇద్దరే.

ఇవన్నీ బయటికి ఒకేలా కనిపించాయి. ఎవరూ కిక్కురుమనలేదు, అంతే.

మౌనం అర్ధాంగీకారం అంటారు. అందులో 'అర్ధ' అన్న మాటను మనం సౌకర్యంగా మింగేసి, పూర్తి అంగీకారంగా రాసేసుకుంటాం. అప్పటి నుంచి నేను పట్టుకున్న లెక్క ఒకటుంది. "మీరు పలకకపోతే ఇలా తీసుకుంటాం" అని ముందే చెప్పి ఉంటేనే మౌనానికి అర్థం ఉంటుంది. అయిపోయాక మనం చెప్పుకునే అర్థం మన కోరికే తప్ప గ్రూపు అభిప్రాయం కాదు. కింద చెప్పే ఐదు పద్ధతుల్లో ఏది ఎంచుకున్నా ఈ తేడా గుర్తుంచుకోండి.

## ముందు ఈ నాలుగూ చూసుకోండి

అందరికీ చేరిందా? ఆన్‌లైన్ గ్రూపుల గురించి వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధించే యాకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పాడు. వందలో 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఒక్కరు మాత్రం తెగ రాస్తారు. మీ గ్రూపులో అంకెలు కచ్చితంగా ఇలాగే ఉండాలని లేదు గానీ, తీరు మాత్రం ఇదే. అంటే ఎక్కువమంది ఊరుకోవడం మామూలు స్థితి, వార్త కాదు. వాట్సాప్‌లో మీ మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి ఇన్ఫో చూస్తే ఎవరెవరు చదివారో తెలుస్తుంది. విడి చాట్‌లలో బ్లూ టిక్‌లు ఆపేసుకున్నవాళ్లవి కూడా గ్రూపులో కనిపిస్తాయి. కాకపోతే అది చెప్పేది చాట్ తెరిచారని మాత్రమే. కింద దాకా జారి వెళ్లిపోయినవాళ్లూ 'చదివారు' కిందికే వస్తారు.

'వద్దు' అనడం ఎంత కష్టం? నా దృష్టిలో మిగతా మూడూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. 'సరే' అనడానికి ఒక బొటనవేలు చాలు. 'వద్దు' అంటే కారణం చెప్పాలి, ఎదురు ప్రశ్నలకు జవాబివ్వాలి, ఎవరి మొహమో మాడుతుంది, పైగా 'ప్రతిదానికీ అడ్డం పడతాడు' అన్న పేరు. జర్మన్ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్ నోయ్‌మన్ 1974లో 'మౌన వలయం' అన్న ఆలోచనను ముందుకు తెచ్చింది. తమది మైనారిటీ మాట అనిపించినవాళ్లు నోరు కట్టేసుకుంటారు. వాళ్లు ఊరుకోవడం వల్ల అవతలి మాట ఇంకా పెద్దదిగా వినిపిస్తుంది, దాంతో ఇంకొందరు ఊరుకుంటారు. ఆన్‌లైన్‌లో ఇది ఎంత బలంగా పనిచేస్తుందో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2014లో బయటపెట్టిన సర్వేలో కనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వ నిఘా గురించి అక్కడ పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన విషయాల మీద ఎదురెదురుగా కూర్చుని మాట్లాడతామన్నవాళ్లు 86 శాతం. ఫేస్‌బుక్, ట్విటర్ వాడేవాళ్లలో వాటిలో దాని గురించి రాస్తామన్నవాళ్లు 42 శాతమే.

తప్పని తేలితే వెనక్కి తిప్పగలమా? గ్రూపు ఫొటో మార్చడం, పాత చాట్ మొత్తం తుడిచేయడం ఒకటి కావు. మొదటిది రేపు మళ్లీ మార్చుకోవచ్చు. రెండోదానికి మౌనం చాలదు.

లెక్క కావాలా, కారణం కావాలా? 'ఎంతమందికి కుదురుతుంది' అన్నది లెక్క. 'ఇలా చేస్తే ఏం చెడిపోతుంది' అన్నది కారణం. పోల్‌తో కారణం దొరకదు, చర్చతో లెక్క దొరకదు. సగం గొడవలు ఈ రెండింటినీ కలిపేసి అడగడంతోనే మొదలవుతాయి.

## 1. గడువు పెట్టి, పలకకపోతే సరేనన్నట్టు తీసుకోవడం

ఇది బద్ధకస్తుల పద్ధతిలా కనిపిస్తుంది గానీ, పెద్ద పెద్ద చోట్ల నియమం ప్రకారం నడుస్తోంది. ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో దీన్ని 'లేజీ కన్సెన్సస్' అంటారు. ఫలానాది చేయబోతున్నానని చెప్పి, మామూలుగా 72 గంటలు ఆగుతారు. ఎవరూ అడ్డు చెప్పకపోతే చేసేస్తారు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు వేళల్లో పనిచేసేవాళ్లకు చూసే టైమ్ దొరకాలనే అంత గడువు. కోడ్ మార్పును అడ్డుకునే హక్కు ఉన్నవాళ్లు కూడా 'మైనస్ 1' (అంటే వద్దు) అని ఊరుకుంటే కుదరదు, సాంకేతికంగా కారణం చెప్పాలి. కారణం లేని వీటో చెల్లదు.

ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ కూడా కోవిడ్ వల్ల ఒకచోట కూర్చోలేక 2020 మార్చిలో ఇదే దారి పట్టింది. తీర్మానం ముసాయిదాను అన్ని దేశాలకూ పంపి, 72 గంటలు చూసేవాళ్లు. ఏ ఒక్క దేశమూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదం పొందినట్టే. ఒక్క దేశం అడ్డు చెప్పినా 'మౌనం భంగమైంది' అని లెక్క.

ఈ రెండు చోట్లా పలకకపోతే ఏమవుతుందో అందరికీ ముందే తెలుసు. చూసి తీరాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు ఉన్నారు. 'వద్దు' అనడానికి ఒక దారి రాసిపెట్టి ఉంది, అలా అన్నవాడిని ఎవరూ వింతగా చూడరు. నా ఆదివారం మెసేజ్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

వాడుకుంటే ఇలా రాయండి: "గురువారం రాత్రి 9 లోపు ఎవరూ ఆపమనకపోతే శుక్రవారం నుంచి కొత్త ఫోల్డర్‌లోకి మారుతున్నాం. ఇబ్బంది ఉంటే ఇక్కడ 'ఆపండి' అని రాసినా చాలు, నాకు విడిగా చెప్పినా చాలు. తర్వాత నచ్చకపోతే పాతదానికి వెళ్లిపోవచ్చు." గడువు మధ్యలో ఒకసారి గుర్తు చేయండి. ఇంత చేశాక వచ్చే మౌనాన్ని నిశ్చింతగా నమ్మొచ్చు. వెనక్కి తిప్పలేని పనికి మాత్రం దీన్ని వాడకండి.

ఇంకో మాట. పండగ సెలవుల ముందు రాత్రి గడువు పెట్టి, తెల్లారేసరికి 'ఎవరూ వద్దనలేదు' అనే అడ్మిన్‌లు ఉంటారు. ఆ తెలివి ఒక్కసారే పనిచేస్తుంది.

## 2. లైకులు, బొటనవేళ్లు, దండాలు

వీటి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, అందుకే త్వరగా ముగిస్తాను. బొటనవేలు అంటే 'చూశాను' కావచ్చు, 'సరే' కావచ్చు, 'రాసినందుకు థాంక్స్' కావచ్చు, 'మీరు అడ్మిన్ కాబట్టి' కావచ్చు. దండం బొమ్మకైతే అర్థం చెప్పగలిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మొదటి లైక్ తర్వాతి లైకులను లాక్కొస్తుంది కూడా. ముచ్‌నిక్, అరల్, టేలర్ అనే పరిశోధకులు 2013లో 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. వార్తలు పంచుకునే ఒక సైట్‌లో కొన్ని కామెంట్లు పడీపడగానే వాళ్లే ఒక ప్లస్ ఓటు తగిలించారు. ఆ ఒక్క దొంగ ఓటుతో తర్వాత చూసిన మొదటి మనిషి ప్లస్ కొట్టే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ కామెంట్ల స్కోరు సగటున 25 శాతం ఎక్కువ తేలింది. తమాషా ఏమిటంటే, తగిలించిన మైనస్ ఓటును మాత్రం జనం తర్వాత సరిదిద్దేశారు. మన గ్రూపుల్లో మొదటి లైక్ కొట్టేది ఎవరు? సాధారణంగా అడ్మిన్ స్నేహితుడు.

భోజనానికి ముందా, తర్వాతా అన్న స్థాయి విషయాలకు రియాక్షన్లు చాలు. కొంచెం మెరుగ్గా వాడాలంటే ఏ బొమ్మకు ఏ అర్థమో మెసేజ్‌లోనే చెప్పండి: బొటనవేలు అంటే వస్తాను, గుండె అంటే రాలేను. అప్పుడది చిన్నసైజు పోల్ అవుతుంది.

## 3. పోల్

లెక్క కావాలంటే దీన్ని మించింది లేదు. కాకపోతే పోల్ అనగానే అందరూ ఒకటే అనుకుంటారు, నిజానికి రెండున్నాయి. ఎవరు దేనికి ఓటేశారో కనిపించేది ఒకటి, కనిపించనిది ఒకటి. మామూలు వాట్సాప్ పోల్‌లో 'వ్యూ ఓట్స్' నొక్కితే పేర్లతో సహా వస్తుంది. టెలిగ్రామ్‌లో పోల్ పెట్టేటప్పుడు పేర్లు దాచే వీలుంది.

'ఎవరెవరు వస్తున్నారు' అన్నదానికి పేర్లు కనిపించాల్సిందే. 'కోఆర్డినేటర్‌గా ఈయన కొనసాగాలా' అన్నదానికి కనిపించకూడదు. బృంద ఒత్తిడి మీద మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ 1950ల్లో చేసిన ప్రయోగాల్లో, గీతల పొడవు లాంటి కళ్ల ముందున్న విషయంలో కూడా, చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెప్తే దాదాపు మూడో వంతు జవాబులు వాళ్లతోపాటు తప్పుకే మొగ్గాయి. జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాసే వీలిస్తే ఆ తప్పులు బాగా తగ్గాయి. పక్కన ఇంకొక్కడు సరైనది చెప్పినా అంతే, తగ్గాయి. రహస్య ఓటు మొదటి పని చేస్తుంది. 'నాకూ సందేహంగానే ఉంది' అని గ్రూపులో ముందుగా అనేసే మనిషి రెండో పని చేస్తాడు. అలాంటి మనిషి మీ గ్రూపులో ఉంటే పదిలంగా చూసుకోండి.

పోల్‌లో పెద్ద లోపం ఓటు వేయనివాళ్లతో వస్తుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కేసి రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు పంపిన జాబితాలోనే లోపం ఉంది. దానికితోడు తిప్పి పంపినవాళ్లకూ పంపనివాళ్లకూ అభిప్రాయంలో తేడా ఉంది. ఇరవై లక్షల జవాబులే దారి తప్పిస్తే, 64 మందిలో 18 మంది ఓట్లతో 'గ్రూపు తేల్చేసింది' అనడానికి ధైర్యం కావాలి.

అందుకే పోల్ ఫలితం చెప్పేటప్పుడు శాతాలు కాకుండా ఇలా చెప్పండి: "64 మందిలో 18 మంది వేశారు, 12 మంది ఆదివారం అన్నారు, 46 మంది వేయలేదు." చదివినవాళ్లకు బరువు దానంతటదే తెలుస్తుంది.

ఇంకో రెండు చిట్కాలు. ఒకటి, ఆప్షన్లలో 'ఏదైనా ఫర్వాలేదు' అన్నది తప్పకుండా పెట్టండి. మౌనంగా ఉండేవాళ్లలో నిజంగా పట్టింపు లేనివాళ్లను అది బయటికి తీస్తుంది. అప్పుడు మిగిలిన మౌనం ఎంతో చూసుకోవచ్చు. రెండు, రెండే ఆప్షన్లు ఇచ్చి మూడోదాన్ని అసలు అడగకపోతే పోల్ గెలుస్తుంది, గ్రూపు ఓడిపోతుంది. 'శనివారమా, ఆదివారమా' అని అడిగితే 'వారం మధ్యలో అయితే వస్తా' అనేవాళ్లకు నొక్కడానికి ఏమీ ఉండదు.

గ్రూపు మరీ పెద్దదై, ఏ ఆప్షన్లు పెట్టాలో కూడా తెలియనప్పుడు పోలిస్ లాంటి ఆన్‌లైన్ పనిముట్లు ఉన్నాయి. అందులో ఎవరైనా ఒక వాక్యం రాయొచ్చు. మిగతావాళ్లు ఒప్పుకుంటాం, ఒప్పుకోం, వదిలేస్తాం అన్న మూడింటిలో ఒకటి నొక్కాలి. దానికి రిప్లై ఇచ్చే వీలే లేదు. తైవాన్‌లో 2015లో ఉబర్ నియమాల చర్చకు దీన్నే వాడారు. రిప్లై లేకపోతే గొడవకు సగం ఇంధనం లేనట్టే.

## 4. చర్చ నడిపి, సారాంశం రాసి, సరిచూసుకోవడం

ఎక్కువ పని దీనికే. కారణాలు దొరికేదీ ఇక్కడే.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో ఓటింగ్ పెట్టరు. గదిలో ఉన్నవాళ్లను 'ఊఁ' అని మూలగమంటారు, ఏ వైపు ఊఁ గట్టిగా ఉందో వింటారు. అది తీర్పు కాదు, చర్చ ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి. అక్కడి మాటను గదిలో లేనివాళ్ల కోసం ఈమెయిల్‌లో మళ్లీ సరిచూస్తారు. ఈ తీరును వివరిస్తూ 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7282 అనే పత్రంలో ఒక మాట నాకు బాగా నచ్చింది. వంద మంది సరే అని, ఐదుగురు వద్దన్నా అది ఏకాభిప్రాయం కాకపోవచ్చు. ఐదుగురు సరే అని వంద మంది వద్దన్నా అది ఏకాభిప్రాయం కావచ్చు. ఎందుకంటే అక్కడ చూసేది తలలు కాదు, ఎత్తిచూపిన ప్రతి ఇబ్బందికీ జవాబు దొరికిందా అని. ఆ ఇబ్బంది చెప్పినవాడు కోరినట్టే జరగాలని లేదు, దాన్ని నిజంగా పట్టించుకుని తూచి ఉండాలి. వికీపీడియాలో వ్యాసం తొలగించాలా వద్దా అన్న చర్చలు కూడా మామూలుగా వారం రోజులు నడుస్తాయి. ముగించేవాళ్లు ఓట్లు కూడరు, వాదనల బరువు చూస్తారు.

ఈ పద్ధతికి పెద్ద ప్రమాదం గొంతున్నవాడు. ఒకే మనిషి ఒకే మాట నాలుగుసార్లు అంటే, వినేవాళ్లకు అది నలుగురి మాటలా అనిపిస్తుంది. వీవర్ అనే పరిశోధకురాలి బృందం 2007లో చేసిన ప్రయోగాల్లో ఇది కనిపించింది, నలభై మెసేజ్‌ల చర్చ చదివిన ఎవరికైనా అనుభవమే. నేను చేసేదేమిటంటే, చర్చ అయ్యాక కాగితం తీసుకుని మెసేజ్‌లు కాకుండా మనుషులను రాసుకుంటాను. ఎడమవైపు పేరు, కుడివైపు ఒక్క ముక్కలో ఆ మనిషి మాట. మొన్నొక చర్చలో 53 మెసేజ్‌లు వచ్చాయి, గ్రూపు రెండుగా చీలిపోయిందని భయమేసింది. కాగితం మీద చూస్తే మనుషులు ఎనిమిది మంది. 53లో 31 ఇద్దరివే. మిగిలిన ఆరుగురిలో నలుగురు ఒక్కోసారి మాట్లాడి, దాదాపు ఒకే మాట అన్నారు.

సారాంశం ఇలా ఉంటే మంచిది: "నాకు అర్థమైంది ఇది. ఫలానా మార్పుకు ఎక్కువమంది సుముఖం. రెండు ఇబ్బందులు చెప్పారు. మొదటిదానికి ఈ పరిష్కారం అనుకున్నాం. రెండోదానికి పరిష్కారం లేదు, అయినా ముందుకెళ్దామనుకుంటున్నాం, ఎందుకంటే... మీ మాటను నేను తప్పుగా రాసి ఉంటే సోమవారం లోపు సరిదిద్దండి." ఓడిపోయిన మాటను కూడా సరిగ్గా రాయడమే ఇక్కడ పరీక్ష. తన మాట సరిగ్గా విన్నారనిపిస్తే, నచ్చని నిర్ణయాన్ని కూడా మనిషి మోస్తాడు. చివర్లో మళ్లీ గడువు, మళ్లీ మౌనం వచ్చాయని గమనించారా? ఈసారి ఆ మౌనానికి అర్థం ఉంది.

## 5. విడిగా అడగడం

గ్రూపులో నోరు మెదపనివాళ్లు ఫోన్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడతారు. నా ఆదివారం కథ తేలింది ఇలాగే. ఎవరిని అడగాలన్నదే అసలు ప్రశ్న. మనకు చనువున్నవాళ్లను అడిగితే మన మాటే మనకు తిరిగి వినిపిస్తుంది. నేను ముగ్గురిని వెతుకుతాను: ఈ నిర్ణయం వల్ల ఎక్కువ ఇబ్బందిపడే మనిషి, కొత్తగా చేరిన మనిషి, ఒకప్పుడు బాగా మాట్లాడి ఈ మధ్య ఆపేసిన మనిషి. ఎప్పుడూ మాట్లాడనివాడి మౌనం కన్నా ఈ మూడో మనిషి మౌనానికి సమాచారం ఎక్కువ.

చిక్కులూ ఉన్నాయి. టైమ్ పడుతుంది. అడిగేది అడ్మిన్ అయితే విడిగా కూడా 'సరేనండీ' అనే వస్తుంది. 'చాటుగా మాట్లాడుకుని తేల్చేశారు' అన్న మాట పుడుతుంది. పేర్లు చెప్పకుండా, విన్నదాన్ని గ్రూపులో పెట్టండి: "కొందరిని విడిగా అడిగాను, రాత్రి పూట పిల్లలతో కుదరదన్న మాట ఇద్దరు చెప్పారు." అంతకుమించి కప్పిపుచ్చితే అనుమానం, విప్పి చెప్తే నమ్మకద్రోహం.

## ఒకచోట పెట్టి చూస్తే

| పద్ధతి | 'వద్దు' అనడం | దొరికేది | ఎప్పుడు సరిపోతుంది | ఎక్కడ మోసం చేస్తుంది |
|---|---|---|---|---|
| గడువు + మౌనం | నియమం చెప్తే తేలిక | అడ్డంకి ఉందా లేదా | వెనక్కి తిప్పగల రోజువారీ పనులు | మెసేజ్ అందరికీ చేరనప్పుడు |
| లైకులు | దాదాపు వీలుకాదు | హుషారు ఎంతుందో | చిన్నాచితకా విషయాలు | మొదటి లైక్ పెద్దవాళ్లదైతే |
| పేర్లు కనిపించే పోల్ | కష్టం | లెక్క, ఎవరు ఏమన్నారో | ఎవరు వస్తారు, ఎవరు చేస్తారు | మనుషుల గురించిన నిర్ణయాలు |
| రహస్య పోల్ | తేలిక | లెక్క | సున్నితమైన ఎంపికలు | వేయనివాళ్లను మర్చిపోతే |
| చర్చ + సారాంశం | ధైర్యం కావాలి | కారణాలు | వెనక్కి తిప్పలేనివి, చిక్కుముడులు | గొంతున్నవాళ్లు నడిపితే |
| విడిగా అడగడం | అడిగేవాళ్లను బట్టి | దాచిన కారణాలు | మౌనం అనుమానంగా ఉన్నప్పుడు | మనవాళ్లనే అడిగితే |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

పది మంది లోపు టీమ్ అయితే పోల్ వద్దు. పేర్లు దాచినా ఓటు ఎవరిదో తెలిసిపోతుంది. అందరి పేర్లూ రాసి, వరసగా ఒక్కో మాట చెప్పమనండి. చిన్నవాళ్లతో మొదలుపెట్టండి. ఒక్కరు మిగిలిపోయినా పేరుతో పిలవండి, ఇంత చిన్న గ్రూపులో మౌనాన్ని ఊహించుకోవాల్సిన అవసరమే లేదు.

మీరు బాస్ అయితే మీ అభిప్రాయం చివర్లో చెప్పండి, చెప్పకపోయినా మంచిదే. 'నేనైతే ఇలా అనుకుంటున్నా, మీరేమంటారు' అన్నాక వచ్చే మౌనం భయమో, గౌరవమో, ఒప్పుకోలో మీకెప్పటికీ తెలియదు. మీకు రహస్య పోల్, ఇంకొకరి ద్వారా విడిగా అడిగించడం నప్పుతాయి. లైకులను మాత్రం అసలు లెక్కలోకి తీసుకోకండి.

వందల మంది గ్రూపుకి అడ్మిన్ అయితే అందరి మాటా వినాలన్న ఆశ వదిలేయండి. రోజువారీ విషయాలు గడువుతో తేల్చండి. పెద్దవాటికి ముందు చర్చ, తర్వాత పోల్. ఈ వరస తిరగేయకండి, ఓట్లు పడ్డాక ఎవరూ మనసు మార్చుకోరు, గెలిచిన పక్షం చర్చకే రాదు. పోల్ ఆప్షన్లు కూడా చర్చలోంచే రావాలి.

గొడవ నడుస్తున్న గ్రూపైతే మధ్యలో ఉన్నవాళ్లు ఎప్పుడో తప్పుకుని ఉంటారు. రెండు కొసల మెసేజ్‌లు చూసి గ్రూపు సగానికి చీలిందనుకోవద్దు. రహస్య పోల్ ఒకటి పెట్టి చూడండి, 'ఏదైనా ఫర్వాలేదు' ఆప్షన్‌తో. చాలాసార్లు అదే గెలుస్తుంది, రెండు పక్షాలకూ అది మింగుడుపడదు.

ఊరుకున్న మనిషి మీరే అయితే కారణాలు, ప్రత్యామ్నాయాలు అన్నీ సిద్ధం చేసుకునే దాకా ఆగకండి. "నాకింకా నమ్మకం కుదరలేదు, రేపు రాస్తాను" అన్న ఒక్క లైను చాలు. గడువు ఆగుతుంది, మీలాగే అనుకుంటున్న ఇంకొకరికి దారి దొరుకుతుంది. నిజంగా పట్టింపు లేకపోతే అదీ చెప్పండి. 'మీ ఇష్టం, నాకు రెండూ ఓకే' అన్నది కూడా సమాచారమే.

## అడిగే మాటలోనే సగం ఉంది

'ఎవరికైనా అభ్యంతరమా?' అన్నది ప్రశ్నలా కనిపించే తలుపు మూత. అభ్యంతరం అన్న మాటే బరువు, దాన్ని మోయడానికి ఎవరూ ముందుకు రారు. బదులు 'ఇందులో ఎవరికి ఇబ్బంది రావొచ్చు?' అని అడగండి. తన ఇబ్బందిని కూడా వేరేవాళ్ల పేరు మీద చెప్పుకునే వీలు దొరుకుతుంది. 'ఓకేనా?' అనే బదులు 'ఏం మారిస్తే బాగుంటుంది?' అనండి. 'అందరూ ఒప్పుకున్నట్టే కదా' అని మాత్రం ఎప్పుడూ రాయకండి. దాని తర్వాత నోరు విప్పేవాడు ఆ 'అందరి'లోంచి బయటికి నడవాలి.

మా మీటింగ్ సంగతి. విడిగా విన్న కారణాలు గ్రూపులో పెట్టి, మూడు రోజులు మాట్లాడుకుని, నాలుగు ఆప్షన్లతో పేర్లు కనిపించని పోల్ పెట్టాను. 64 మందిలో 41 మంది వేశారు. శనివారమూ కాదు, ఆదివారమూ కాదు, బుధవారం రాత్రి ఎనిమిదింటికి 23 ఓట్లు. ఆరు 'ఏదైనా ఫర్వాలేదు'. ఫలితం పెట్టిన పది నిమిషాలకు, మొదట్లో నిజంగానే ఆదివారం సరే అనుకున్న ఇద్దరిలో ఒకామె, "నాకు బుధవారం అస్సలు కుదరదు, రికార్డింగ్ తర్వాత వింటాను" అని అందరి ముందూ రాసింది. దానికి ఎవరూ బొటనవేలు పెట్టలేదు. ఇద్దరు మాత్రం "మాకూ అంతే" అన్నారు. నెలకోసారి ఆదివారం కూడా కలుద్దామా అన్న చర్చ ఇప్పుడు నడుస్తోంది, గడువు గురువారం రాత్రి తొమ్మిది.